మెట్‌లో యూరప్ చిత్రాలు: చేతిలో రెండు గంటలుంటే ఎటు తిరగాలి?

న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ మీద, 82వ వీధి ఎదురుగా ఉంటుంది మెట్రొపాలిటన్ మ్యూజియం. ఊళ్ళో అందరూ మెట్ అనే అంటారు. 1870లో పుట్టింది. మరుసటి ఏడాదే 174 యూరప్ చిత్రాలు ఒక్కసారిగా కొని ఖాతా తెరిచింది. ఇవాళ అక్కడి యూరోపియన్ పెయింటింగ్స్ విభాగం చేతిలో 13వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం మొదటి వరకు గీసినవి 2,500 పైచిలుకు ఉన్నాయి. అన్నీ ఒకేసారి గోడకెక్కవు. ఎక్కినవి కూడా ఒక్కచోట ఉండవు.

చిక్కంతా ఇక్కడే. యూరప్ చిత్రాలు ఈ భవనంలో ముఖ్యంగా మూడు చోట్ల ఉన్నాయి. మూడింటికీ మధ్య నడక ఎక్కువ. 1250 నుంచి 1800 దాకా గీసినవి 600తో మొదలయ్యే నంబర్ల గదుల్లో (కింద 600 గదులు అన్నది వీటినే), 19వ శతాబ్దానివి 800 నంబరు గదుల్లో, రాబర్ట్ లేమాన్ అనే బ్యాంకరు ఇచ్చిన సొంత సేకరణ 950 నంబరు గదుల్లో ఉంటాయి. ఈ సంగతి తెలియనివాళ్ళు మెట్లెక్కి కనబడిన గుమ్మంలోకి దూరిపోతారు. గంటన్నర తర్వాత, "వాన్ గో ఎక్కడండీ?" అని గార్డుని అడిగే సమయానికి కాళ్ళు మొరాయిస్తుంటాయి.

కాబట్టి ఇంట్లో ఉండగానే మూడింట్లో ఒకటి ఎంచుకోండి. రెండు గంటల్లో మూడూ చూడాలనుకుంటే ఒక్కటీ చూసినట్టు ఉండదు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

కళాచరిత్ర తెలిసి ఉండాలా, ఏ చిత్రకారుడు గొప్ప అన్నవి తర్వాతి మాట. ముందు చూసుకోవాల్సినవి ఇవీ.

కాళ్ళు. మ్యూజియం నడక పార్కు నడకలా ఉండదు. నాలుగడుగులేసి ఆగడం, మళ్ళీ నాలుగడుగులు వేయడం. నడుము మీద పడే భారం అంతా దీనివల్లే. ఇలా రెండు గంటలు నిలబడగలిగితే పన్నెండు చిత్రాలు బాగా చూడొచ్చు: ఒక్కోదానికి ఐదేసి నిమిషాలు వేసుకుంటే గంట, నడకకీ కూర్చోవడానికీ నలభై నిమిషాలు, మిగతాది దారి తప్పడానికి. ఆ చివరి ఇరవై నిమిషాలు కచ్చితంగా ఖర్చవుతాయి.

కథలు తెలుసా. 1800కి ముందు గీసిన చిత్రాల్లో చాలావాటికి మూలం బైబిలూ, గ్రీకు పురాణాలూ. కథ తెలియకపోతే గడ్డాలవాళ్ళందరూ ఒకేలా కనిపిస్తారు. 19వ శతాబ్దపు గదుల్లో ఈ ఇబ్బంది దాదాపు లేదు. పొలం పొలమే, చెరువు చెరువే.

వెలుతురు. పాత తైలవర్ణ చిత్రాల మీద వార్నిష్ మెరుస్తుంది, నల్లటి భాగాల్లో మన మొహమే కనిపిస్తుంది. పైనుంచి పగటి వెలుగు పడితే ఆ నలుపులో దాగిన రంగులు బయటికొస్తాయి. ఏ పూట వెళ్తున్నారో దాన్ని బట్టి కూడా గదులు ఎంచుకోవాలి.

జనం. చిన్న చిత్రం ముందు నలుగురు నిలబడితే ఐదోవాడికి ఏమీ కనబడదు. అదే ఐదు మీటర్ల చిత్రమైతే నలభైమంది ఉన్నా ఫరవాలేదు.

| | 600 గదులు | 800 గదులు | లేమాన్ వింగ్, 950 గదులు |
|---|---|---|---|
| కాలం | 1250–1800 | 19వ శతాబ్దం, 20వ శతాబ్దం మొదలు | 14వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం దాకా కొద్దికొద్దిగా |
| ఎక్కడ | పెద్ద మెట్లు ఎక్కగానే ఎదురుగా | అదే అంతస్తులో ఎడమ వైపు చివరికంటా | కింద, భవనం వెనక వైపు |
| కనీస సమయం | 2 గంటలు | ఒకటిన్నర గంట | 45 నిమిషాలు |
| జనం | మొదటి గదుల్లో ఎక్కువ, లోపలికి పోను తక్కువ | వాన్ గో, మొనే దగ్గర ఎప్పుడూ | బాగా తక్కువ |
| కథలు తెలియాలా | తెలిస్తే రెట్టింపు లాభం | అక్కర్లేదు | కొంచెం |
| మంచి పూట | పొద్దున్న | సాయంత్రమైనా సరే | ఎప్పుడైనా |
| పిల్లలతో | కష్టం | సులువు | గంట లోపైతే సరే |

అంతస్తుల లెక్కతో జాగ్రత్త. అమెరికాలో సెకండ్ ఫ్లోర్ అంటే మన మొదటి అంతస్తు. ఒక్క మెట్ల వరుస ఎక్కితే చాలు. లిఫ్టులో మూడో నంబరు నొక్కి వెతుక్కోవద్దు.

## 600 గదులు: ఒక్కసారే వచ్చేవాళ్ళకి

మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు, మెట్‌కే ప్రత్యేకమైనది చూడాలి అనుకుంటే ఇక్కడికే రండి. మొనే, దెగా లాంటి 19వ శతాబ్దపు ఇంప్రెషనిస్టుల చిత్రాలు షికాగోలో, ఫిలడెల్ఫియాలో, వాషింగ్టన్‌లో కూడా బోలెడన్ని దొరుకుతాయి. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ చిత్రాలు మాత్రం ప్రపంచం మొత్తం మీద దాదాపు మూడు డజన్లే మిగిలితే, వాటిలో ఐదు ఈ ఒక్క భవనంలో ఉన్నాయి.

ఈ గదుల పైకప్పు అద్దాలు పాతబడిపోతే 2018లో పని మొదలుపెట్టి, 30,000 చదరపు అడుగుల స్కైలైట్లు మార్చి, 2023 నవంబరులో 45 గదుల్నీ మళ్ళీ తెరిచారు. ఇప్పుడు పగటి వెలుగు మెత్తగా, పైనుంచి సమంగా దిగుతుంది. డిసెంబరు, జనవరిల్లో న్యూయార్క్‌లో నాలుగున్నర, ఐదుకే పొద్దుగూకుతుంది. ఆ నెలల్లో శుక్రవారం సాయంత్రం ఖాళీగా ఉంటుందని ఈ గదులకి వెళ్తే, అంత ఖర్చుపెట్టి తెచ్చిన వెలుగు మీకు దక్కదు.

తప్పకుండా చూడాల్సినవి కొన్ని చెబుతాను. గది నంబర్లు రాయడం లేదు, ఎందుకంటే చిత్రాలు గదులు మారుతుంటాయి. అరువుకి వేరే ఊళ్ళకీ వెళ్తుంటాయి. బయల్దేరే ముందు మెట్ వెబ్‌సైట్‌లో చిత్రం పేరు కొడితే ఇప్పుడు గోడ మీద ఉందో లేదో, ఉంటే ఏ గదిలోనో చూపిస్తుంది. ఈ ఐదు నిమిషాల పని చేయనివాళ్ళే ఎక్కువ నిరాశపడతారు.

ఇటలీ చిత్రకారుడు దుచ్చో గీసిన తల్లీబిడ్డా (మరియ, బాల యేసు), 1290–1300 ప్రాంతం. ఫ్రేముతో సహా ఏ4 కాగితమంత ఉంటుంది. 2004లో మ్యూజియం దీన్ని కొన్నప్పుడు ధర 4.5 కోట్ల డాలర్ల పైమాటేనని పత్రికలు రాశాయి. ఫొటోలో తెలియని సంగతి ఫ్రేము కింది అంచున ఉంది: కాలిన మచ్చలు. ఎవరి ఇంట్లోనో, ఎవరి గుళ్ళోనో దీని ముందు కొవ్వొత్తులు వెలిగించి దండం పెట్టుకున్నారు. మన దేవుడి గదిలో పటం అడుగున దీపం మసి పట్టినట్టే. బంగారు రేకు అతికిన ఇలాంటి పాత చిత్రాలన్నిటికీ ఒక కిటుకుంది. కొద్దిగా మోకాళ్ళు వంచి, కింది నుంచి పైకి చూడండి. అవి కొవ్వొత్తి వెలుగుకోసం చేసినవి, ఆ కోణంలోనే బంగారం మెరుస్తుంది. బిడ్డ చేత్తో తల్లి మేలిముసుగుని పక్కకి నెడుతుంటాడు. ఆ చెయ్యి చూడకుండా కదలకండి.

బ్రూగెల్ గీసిన కోతలు, 1565. వ్యవసాయం తెలిసిన ఇంటి నుంచి వచ్చినవాళ్ళు ఈ చిత్రం దగ్గర ఎక్కువసేపు ఆగిపోతారు. దాదాపు 160 సెంటీమీటర్ల వెడల్పు చెక్క పలక మీద ఎండాకాలపు గోధుమ చేను. ఎడమ వైపు కోత సాగుతుంటుంది, కుడి వైపు చెట్టు నీడన కూలీలు అన్నాలకి కూర్చున్నారు. ఒకడు కాళ్ళు బారజాపి నోరు తెరిచి నిద్రపోతుంటాడు. పనలు మోసుకుంటూ ఆడవాళ్ళు వాలులోకి దిగుతుంటారు. దూరాన సముద్రపు పాయలో ఓడలు. ఇంత చిత్రంలో దేవుడూ లేడు, రాజూ లేడు. ఇది ఏడాది పొడుగునా రుతువుల్ని చూపించే వరుసలోది, ఆ వరుసలో ఐదే మిగిలాయి: మూడు వియన్నాలో, ఒకటి ప్రాగ్‌లో, ఒకటి ఇక్కడ. చూడటానికి ఒక పద్ధతి: ముందు మూడు మీటర్ల దూరం నుంచి పసుపు ముద్దనంతా ఒక్కసారి చూడండి. తర్వాత దగ్గరికి వెళ్ళి, చేనులో కోసిన బాట వెంట కన్ను నడిపించండి. అదే మిమ్మల్ని చెరువు దాకా తీసుకుపోతుంది. అక్కడ స్నానాలు చేస్తున్నవాళ్ళు గోరంత ఉంటారు.

వెలాస్కెజ్ గీసిన హువాన్ దె పరేహా, 1650. పరేహా వెలాస్కెజ్ దగ్గర బానిస, రంగులు నూరి పనిలో సాయం చేసినవాడు. రోమ్‌లో ఈ చిత్రం గీసిన ఏడాదే వెలాస్కెజ్ అతనికి విముక్తి పత్రం రాసిచ్చాడు, తర్వాత పరేహా సొంతంగా చిత్రకారుడయ్యాడు. దగ్గర నుంచి చూస్తే మెడపట్టీ లేసు తెల్లరంగు పిచ్చిగీతల్లా ఉంటుంది. రెండు మీటర్లు వెనక్కి జరిగితే అల్లిక కనిపిస్తుంది. ఈ ముందుకీ వెనక్కీ నడక ఒక్కసారైనా చేయకపోతే వెలాస్కెజ్‌ని చూసినట్టు కాదు.

వెర్మీర్. ఐదింటిలో రెండిటికి సమయం పెట్టండి. కిటికీ తెరుస్తూ నీళ్ళ చెంబు పట్టుకున్న యువతి అమెరికాకి చేరిన మొట్టమొదటి వెర్మీర్, 1889లో మ్యూజియానికి వచ్చింది. ఆమె తలమీది తెల్లటి గుడ్డ నీడల్లో నీలం ఉంటుంది. పళ్ళెం అడుగున బల్ల మీది ఎర్ర తివాచీ ప్రతిబింబం చూడండి. రెండోది నిద్రలో ఉన్న పనిమనిషి. ఎక్స్‌రేల్లో తేలింది ఏమిటంటే, మొదట గుమ్మంలో ఒక కుక్కనీ, వెనక గదిలో ఒక మగమనిషినీ గీసి, తర్వాత వెర్మీరే చెరిపేశాడు. అందుకే ఆ గుమ్మం అంత ఖాళీగా ఉంటుంది. ఈ చిత్రాలు చిన్నవి, నీళ్ళ చెంబు చిత్రం అటూ ఇటూ అడుగున్నర మించదు. మ్యూజియం తెరిచిన మొదటి గంటలోనే ఇక్కడికి చేరుకోండి.

ఇక బైబిల్ తెలిసినవాళ్ళ సంగతి. సండే స్కూల్లో కథలు విన్న తెలుగువాళ్ళకి ఈ గదుల్లో గైడ్ అక్కర్లేదు. కరవాజ్జో గీసిన పేతురు బొంకు ముందు నిలబడి వేళ్ళు లెక్కపెట్టండి: పనిమనిషి రెండు వేళ్ళూ, సైనికుడి ఒక వేలూ పేతురు వైపే చూపిస్తుంటాయి. యేసు ఎవరో తనకి తెలియదని కోడి కూయకముందే మూడుసార్లు బొంకిన కథ ఇది. కథ తెలియనివాడికి చీకట్లో ముగ్గురు మనుషులు మాత్రమే కనిపిస్తారు.

కథలు రానివాళ్ళు గుర్తులు పట్టుకుంటే చాలు. శంఖచక్రాలుంటే విష్ణువనీ, నెమలి ఉంటే కుమారస్వామి అనీ మనం పోల్చుకున్నట్టే ఇక్కడా ఓ పద్ధతి ఉంది. చేతిలో తాళంచెవులుంటే పేతురు, ఒంటి నిండా బాణాలుంటే సెబాస్టియన్, పక్కన ముళ్ళ చక్రం ఉంటే కేథరిన్, సింహం ఉంటే జెరోమ్, దేవదూత ఎదుట తెల్ల లిల్లీ పువ్వు ఉంటే మరియకి శుభవార్త. ఈ ఐదూ ఫోన్లో రాసిపెట్టుకోండి.

సైన్సు చదివినవాళ్ళ కోసం ఇంకొకటి. జాక్-లూయి దావీద్ 1788లో గీసిన లావోయిజర్ దంపతుల చిత్రం, నిలువు రెండున్నర మీటర్లు. ద్రవ్యనిత్యత్వ నియమం అంటూ బళ్ళో చదువుకున్న లావోయిజరే. ఆ తర్వాత ఆరేళ్ళకి ఫ్రెంచి విప్లవంలో అతని తల తీశారు. గీసిన దావీద్ విప్లవం పక్షాన ఉన్నాడు. మ్యూజియం పరిశోధకులు రంగు పొరల కింద చూస్తే, మొదట ఆవిడ తలమీద పెద్ద అలంకారాల టోపీ ఉంది, బల్ల మీద సైన్సు పరికరాలు లేవు. షోకైన ధనిక దంపతులుగా మొదలైన చిత్రం సైంటిస్టుల చిత్రంగా మారింది.

## 800 గదులు: ఇంటిల్లిపాదితో వచ్చేవాళ్ళకి

పెద్ద మెట్లు ఎక్కాక ఎడమకి తిరిగి, డ్రాయింగులూ ప్రింట్లూ పెట్టే పొడుగాటి వసారా దాటితే ఈ గదులొస్తాయి. పదేళ్ళ పిల్లాడూ, డెబ్బై ఏళ్ళ అమ్మమ్మా ఇద్దరూ విసుక్కోకుండా ఉండే చోటు ఇదొక్కటే.

పిల్లల్ని తిన్నగా రోజా బొనేర్ గీసిన గుర్రాల సంత దగ్గరికి తీసుకెళ్ళండి. ఎత్తు రెండున్నర మీటర్లు, వెడల్పు ఐదు మీటర్ల పైనే. గుర్రాలు నిజం గుర్రాలంత ఉన్నట్టే అనిపిస్తుంది. పారిస్ గుర్రాల సంతలో వారానికి రెండుసార్లు చొప్పున ఏడాదిన్నర పాటు స్కెచ్చులు వేసుకుంది బొనేర్. మగవాళ్ళ మధ్య ఎవరి కంటా పడకుండా ఉండేందుకు మగ దుస్తులేసుకుని వెళ్ళేది, దానికి పోలీసుల అనుమతి కూడా తీసుకుంది. దీన్ని 1887లో కోర్నీలియస్ వాండర్‌బిల్ట్ మ్యూజియానికి ఇచ్చాడు.

కూచిపూడో భరతనాట్యమో నేర్చుకునే పిల్లలుంటే దెగా గీసిన నృత్యం క్లాసు, 1874, చూపించండి. ముసలి గురువు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఒక అమ్మాయి అడుగు చేసి చూపిస్తోంది, తతిమ్మా వాళ్ళు తమ వంతు కోసం నిలబడ్డారు. వెనక కూర్చున్నది తల్లులు. వారాంతపు డ్యాన్సు క్లాసు బయట ఎదురుచూసే అమ్మలకి ఈ చిత్రం వేరే చెప్పక్కర్లేదు.

వాన్ గో దగ్గర జనం ఉంటారు, తప్పదు. ఎక్కువమంది ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుని కదిలిపోతారు కాబట్టి రెండు నిమిషాలు ఓపిక పడితే ముందు వరస దొరుకుతుంది. సరుగుడు చెట్లలా కనబడే సైప్రస్ చెట్లూ గోధుమ చేనూ ఉన్న చిత్రానికి, 1889, ఎదురుగా నిలబడే బదులు పక్కకి జరిగి ఏటవాలుగా చూడండి. రంగు ముద్దలు గట్లు కట్టి ఉంటాయి. ఏ పుస్తకంలోనూ, ఏ తెర మీదా ఇది తెలియదు. అలాగే గడ్డి టోపీ పెట్టుకున్న స్వీయచిత్రం. కాన్వాసు కొనే డబ్బుల్లేక పాత చిత్రం వెనకే దీన్ని గీశాడు, కాబట్టి వెనక్కి వెళ్ళి చూస్తే బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న ఆడమనిషి ఉంటుంది. సగం మంది వెనక్కి వెళ్ళరు.

దెగా, మనే, మొనే, సెజాన్ ఇక్కడ ఇంతమంది ఎందుకున్నారంటే, చాలావరకు లూయిజీన్ హేవ్‌మేయర్ పుణ్యం. ఫ్రెంచివాళ్ళే ఇంకా తేల్చుకోని రోజుల్లో, స్నేహితురాలు, చిత్రకారిణి మేరీ కస్సాట్ సలహాతో కొనేది. 1929లో ఆవిడ వీలునామా ద్వారా ఇవన్నీ మ్యూజియానికి చేరాయి. 600 గదుల్లో ఉన్న ఎల్ గ్రెకో టొలీడో నగర దృశ్యం, ఆ ఉరుముతున్న ఆకాశం, అదీ ఆవిడదే.

లోపం కూడా చెప్పాలి. మంచి చిత్రాలు మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి. పది గదులు దాటేసరికి అన్నీ పూలూ నీళ్ళూ ఎండా కలిసి ఒకే చిత్రంలా అయిపోతాయి. ఆరు ఎంచుకుని మిగతావాటిని దాటేయండి. వాన్ గో గీసిన స్టారీ నైట్ కోసం ఇక్కడ వెతకొద్దు, అది 53వ వీధిలో ఉన్న మోమాలో (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) ఉంది. ఈ పొరపాటు రోజూ జరుగుతుంది.

## లేమాన్ వింగ్: గంటే ఉన్నవాళ్ళకి, జనం పడనివాళ్ళకి

ముఖద్వారం లోపలి గ్రేట్ హాల్ నుంచి మెట్లెక్కకుండా, వాటి పక్కనుంచే తిన్నగా వెనక్కి నడవండి. మధ్యయుగపు శిల్పాల హాలు దాటితే అద్దాల కప్పు ఉన్న నడిమి హాలు వస్తుంది. రాబర్ట్ లేమాన్ దాదాపు 2,600 వస్తువులు ఇస్తూ, అన్నీ కలిపి ఒక్కచోటే ఉంచాలని షరతు పెట్టాడు. అందుకే 1975లో ఈ వింగ్ వేరుగా తెరిచారు. కొన్ని గదులు ఆయన ఇంటి గదుల్లాగే, గోడ గుడ్డలతో సహా అమర్చి ఉంటాయి. సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్ళకి ఈ ధోరణి తెలిసిందే: ఒక మనిషి అభిరుచి గదిగదికీ కనిపిస్తుంది, ఏ కాలానిది ఏది అన్న వరుస కోసం వెతకొద్దు.

ఇక్కడికి ఒకే ఒక చిత్రం కోసం రావాలంటే అది పెట్రస్ క్రిస్టస్ 1449లో గీసిన కంసాలి అంగడి. పెళ్ళి చేసుకోబోయే జంట, కాకపోతే అప్పుడే చేసుకున్న జంట, నగల కొట్టుకి వచ్చారు. కంసాలి చేతిలో చిన్న త్రాసు, అందులో ఉంగరం తూస్తున్నాడు. బల్ల మీద తూనిక రాళ్ళూ నాణేలూ, వెనక అరలో పగడపు కొమ్మా ముత్యాలూ. బల్ల అంచున కుంభాకార అద్దం ఒకటి ఉంది, వంగి చూస్తే అందులో బయటి వీధి, వీధిలో డేగని పట్టుకున్న కుర్రవాళ్ళు కనిపిస్తారు. అంటే మనం నిలబడ్డ చోటే వీధి. ఇదివరకు ఈ కంసాలి తల చుట్టూ ఒక తేజోవలయం ఉండేది, అందుకని ఆయన్ని కంసాలులు కొలిచే సెయింట్ ఎలిజియస్ అనుకునేవాళ్ళు. అది తర్వాతెవరో కలిపిందని తేలి తీసేశారు. అప్పుడు దేవుడి మనిషి కాస్తా మామూలు వ్యాపారి అయిపోయాడు.

పక్కనే చూడాల్సినవి రెండు. సియెనా చిత్రకారుడు జొవాన్నీ ది పాఓలో 1445లో గీసిన సృష్టి: రంగురంగుల వలయాల మధ్య భూమి, కుడి వైపు తోటలోంచి ఆదాముని గెంటుతున్న దేవదూత. అలాగే ఆంగ్ర గీసిన ప్రిన్సెస్ దె బ్రోగ్లీ, ఆ నీలం పట్టు మడతలు. పట్టుచీర మడత ఎలా విరుగుతుందో తెలిసిన కళ్ళు ఇక్కడ ఇంకాస్త ఎక్కువ చూస్తాయి.

లేమాన్‌లో లేనిది గొప్ప పెద్ద చిత్రాల హోరు. "మెట్ చూశాం" అని చెప్పుకోవడానికి పేరున్న బొమ్మలు కావాలంటే ఇది చాలదు.

## ఎవరికి ఏది

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారా? 800 గదుల్లో గంట, తర్వాత కాళ్ళు సహకరిస్తే బ్రూగెల్ ఒక్కటీ చూపించండి. అరవై ఐదు దాటి, మోకాళ్ళ నొప్పులుంటే బయట వీధి వైపున్న పెద్ద మెట్ల జోలికి పోవద్దు. 81వ వీధి దగ్గర నేల మట్టంలో ద్వారం ఉంది. చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు.

బొమ్మలు వేసే విద్యార్థులైతే 600 గదులే, మారుమాట లేదు. పెన్సిలుతో స్కెచ్ వేసుకోనిస్తారు, పెన్నూ రంగులూ బయటికి తీయకూడదు. ఇంటికొచ్చాక పోల్చుకోవడానికి చిత్రాల పెద్ద ఫొటోలు వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దింపుకోవచ్చు. హక్కులు తీరిన వాటి ఫొటోలన్నిటినీ 2017 నుంచి ఎవరైనా దేనికైనా వాడుకునేలా వదిలేశారు.

ఆఫీసు పనిమీద న్యూయార్క్ వచ్చి శుక్రవారం సాయంత్రం మాత్రమే ఖాళీగా ఉన్నవాళ్ళు ముందు లేమాన్, తర్వాత 800 గదులు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరే వెళ్తుంటే లేమాన్ చాలు, అక్కడ మాట్లాడుకోవడానికి చోటుంటుంది.

ఈజిప్టు గుడి చూసి తర్వాత చిత్రాలు చూద్దాం అనే ఆలోచన మాత్రం వదిలేయండి. డెండూర్ గుడి అందంగా ఉంటుంది, దాంతోపాటే గంట కాలాన్నీ, సగం ఓపికనీ తినేస్తుంది. చిత్రాలు ముందు, రాళ్ళు తర్వాత.

## టికెట్టు దగ్గర, గుమ్మం దగ్గర

బుధవారం సెలవు. శుక్ర, శనివారాల్లో పొద్దున్న 10 నుంచి రాత్రి 9 దాకా, మిగతా రోజుల్లో సాయంత్రం 5 దాకా. మూసే సమయానికి పావుగంట ముందే గదులు ఖాళీ చేయిస్తారు, కాబట్టి 5 అంటే 4:45 అని లెక్కేసుకోండి.

పెద్దలకి 30 డాలర్లు, 65 దాటితే 22, విద్యార్థులకి 17, పన్నెండేళ్ళ లోపు పిల్లలకి ఉచితం. "ఇష్టమైనంత ఇస్తే చాలట" అన్న మాట తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అది న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్ళకీ, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులకీ మాత్రమే. న్యూజెర్సీ వైపు ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉండి ఉద్యోగం చేసేవాళ్ళకి వర్తించదు. అక్కడ చదువుకునే పిల్లలకి వర్తిస్తుంది, కాలేజీ కార్డు చూపించాలి. 2018 మార్చి ముందు వరకు అందరికీ ఉండేది, పాత మాట ఇంకా తిరుగుతోంది.

ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు రైల్లో పెన్ స్టేషన్‌లో దిగుతారు. జెర్సీ సిటీ వాళ్ళు పాత్ రైల్లో 33వ వీధి దాకా వస్తారు. ఎక్కడ దిగినా 33వ వీధి వెంట తూర్పుగా పార్క్ అవెన్యూ దాకా నడిచి 6వ నంబరు సబ్‌వే ఎక్కితే 86వ వీధిలో దించుతుంది. అక్కడినుంచి పడమరకి దాదాపు పది నిమిషాల నడక. కారు వద్దు, పార్కింగ్ ఖర్చుకి ఇంకో టికెట్టు వస్తుంది.

వీపు సంచిని లోపల ముందుకి తగిలించుకోమంటారు, లేదా చేత్తో పట్టుకోమంటారు. వెనక్కి తగిలించుకుని తిరిగితే చిత్రానికి తగులుతుందని వాళ్ళ భయం. ఫొటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్, సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ కూడదు. చిత్రానికి చేయి చాపినంత దూరం వదలండి, వేలు పెట్టి చూపించబోతే గార్డు వచ్చేస్తాడు. గదుల్లో ఏమీ తినకూడదు. పులిహోర డబ్బా తెచ్చుకుంటే బయట మెట్ల మీద కూర్చుని తినేసి లోపలికి వెళ్ళండి, ఆ మెట్ల మీద అందరూ చేసే పని అదే.

## వెళ్ళేది బుధవారమైతే

పన్నెండు వీధులు కిందికి నడిస్తే 70వ వీధిలో ఫ్రిక్ అనే చిన్న మ్యూజియం ఉంటుంది. మంగళవారం మూసి, బుధవారం తెరిచే చోటు. ఒక ఉక్కు వ్యాపారి ఇల్లు అది. మూడు వెర్మీర్లు, రెంబ్రాంట్ 1658లో గీసుకున్న స్వీయచిత్రం, హోల్బైన్ గీసిన ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మంత్రులు: థామస్ మోర్, ఎదురుబొదురుగా క్రామ్‌వెల్. నాణ్యతలో 600 గదులకి ఏ మాత్రం తీసిపోదు, పరిమాణంలో మాత్రం చాలా చిన్నది. రెండు గంటల్లో మొత్తం అయిపోయే ఊరట అక్కడుంది. గదుల్లో ఫొటోలు తీయనివ్వరు. పదేళ్ళ లోపు పిల్లల్ని అసలు లోపలికే రానివ్వరు, కాబట్టి చిన్నపిల్లలతో బుధవారం బయల్దేరినవాళ్ళకి మిగిలేది మోమా. అక్కడ స్టారీ నైట్ ఉంది, పిల్లలకీ ఆ పేరు తెలిసే ఉంటుంది.